మైకు అక్కర్లేని దుర్యోధనుడు

నా గొంతు గొప్పదని నాకు మొట్టమొదట చెప్పింది మా బాత్రూమ్. అప్పటిదాకా ఆ మాట ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. బీరంగూడలో ఇల్లు కట్టుకున్నప్పుడు మా ఆవిడ ముచ్చటపడి బాత్రూమ్‌కి నేల నుంచి పైకప్పు దాకా నున్నటి టైల్స్ వేయించింది. గృహప్రవేశం మర్నాడు చెంబుడు నీళ్లు నెత్తిన కుమ్మరించుకుంటూ ఓ రాగం తీశాను. ఆ గోడలు నా గొంతును పట్టుకుని, కడిగి, ఇస్త్రీ చేసి, అత్తరు పూసి నాకే తిరిగిచ్చాయి. ఘంటసాల గారు ఈ గొంతు వినకుండానే వెళ్లిపోయారే అని నిజంగానే బాధపడ్డాను.

నవ్వకండి. మీరూ పాడుకుంటారు, నాకు తెలుసు. గడియ పెట్టుకున్నాక గాయకుడు కానివాడు ఈ లోకంలో లేడు. కాకపోతే మీరు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి మామూలు మనిషైపోతారు. నేను అవలేదు.

దీనికి కొంత మా ఊరి నీళ్లు కూడా కారణం. మాది తెనాలి పక్క పల్లె. తెనాలంటే స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కట్టి వాలుజడతో జనాన్ని కొట్టిన చోటు. ఆ గాలి పీల్చినవాడెవడైనా నెత్తిన కిరీటం ఉందేమోనని రోజుకోసారి తడుముకుంటాడు. ఉద్యోగం వెతుక్కుంటూ పటాన్‌చెరు వైపు వచ్చి, పాశమైలారంలో మూడు షిఫ్టులూ తిరిగి, జుట్టంతా ఊడగొట్టుకున్నాను గానీ ఆ కిరీటం మాత్రం ఊడలేదు. ఫ్యాక్టరీ హెల్మెట్ కింద భద్రంగా అలాగే ఉండిపోయింది.

దాన్ని ఏడాదికోసారి బయటికి తీసేది వినాయకచవితికి. మా కాలనీ మండపంలో నా ఐటమ్ ఒక్కటే: మయసభలో దుర్యోధనుడు. ఎన్టీఆర్ గారి ‘దానవీరశూర కర్ణ’ 1977లో వచ్చింది మొదలు, కొండవీటి వెంకటకవి గారు రాసిన ఆ మాటల్ని అద్దం ముందు నిలబడి చెప్పుకోని తెలుగు మగాడు ఉంటే చూపించండి, వాడికి నా జ్ఞాపిక ఇచ్చేస్తాను. నేను ఆ పద్ధతిలోనే సొంతంగా రెండు పద్యాలూ రెండు పేజీల డైలాగూ అల్లుకున్నాను. గేటంత స్పీకర్లు అటూ ఇటూ పెట్టి ‘ఆహా’ అన్నానంటే అమీన్‌పూర్ చెరువులో కొంగలు లేచిపోవాల్సిందే. జనం ఒక్కరూ కదిలేవారు కాదు. నా ఐటమ్ అవగానే పులిహోర పంచుతారన్న విషయం నా లెక్కలోకి ఎప్పుడూ రాలేదు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం ఫోనొచ్చింది. ఏదో సాంస్కృతిక సంస్థ. పేరు చెప్పను, చెప్పినా మీకు గుర్తుండదు, అలాంటి పేర్లన్నీ ఒకలాగే ఉంటాయి. “గురువుగారూ, మీ మయసభ వీడియో చూశాం. రవీంద్రభారతి మెయిన్ హాల్లో మీ చేత చేయించాలని మా కమిటీ నిర్ణయించింది. పది నిమిషాల ఐటమ్, శాలువా, జ్ఞాపిక, ‘అభినవ సుయోధన’ బిరుదు. మీ వైపు నుంచి చిన్న సహకారం ఉంటుంది.”

సహకారమంటే పదిహేను వేలు. బిరుదు ఎవరికైనా ఊరికే వస్తుందా? మయసభ కూడా ధర్మరాజుకి ఊరికే రాలేదు, ముందు ఖాండవం తగలబెట్టాల్సి వచ్చింది. నేను తగలబెట్టింది ఆ నెల చీటీ డబ్బులు. ఇంట్లో “ఈ నెల చీటీ వాయిదా వేశారోయ్” అన్నాను. కాలనీలో “వద్దంటే వినరే, వాళ్లే బతిమాలారు” అన్నాను. రెండు అబద్ధాలకీ రెండు రకాల గొంతులు వాడాను. నటుణ్ని కదా.

మూడో రోజుకల్లా బీరంగూడ కమాన్ పక్కన ఫ్లెక్సీ లేచింది. ‘రవీంద్రభారతిలో మన బీరంగూడ ముద్దుబిడ్డ’. ఆ ఫ్లెక్సీ కట్టించిన అభిమాని ఎవరని చాలామంది అడిగారు. ఆయన పేరు బయటపెట్టడం ఇష్టంలేదని చెప్పాను. నిజమే, నాకు ఇష్టంలేదు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. కానీ మన తెలుగువాడికి ఒక గౌరవం దక్కబోతోందంటే ముందు దాని మీద ఉపన్యాసం ఇవ్వాలనిపిస్తుంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజుకో పాఠం మొదలుపెట్టాను. మొదటి పాఠం: ‘రవీంద్రభారతి నిజాం నవాబుల కళాతృష్ణకు నిలువెత్తు నిదర్శనం.’ ఎందుకలా రాశానంటే, పక్కనే 1913 నాటి తెల్ల గుమ్మటాల అసెంబ్లీ ఉంది, ఆ వెంటనే పబ్లిక్ గార్డెన్స్ ఉంది. చుట్టూ అంతా నిజాందైతే మధ్యలోది మాత్రం ఇంకెవరిదవుతుంది? ఎవరో పాలిటెక్నిక్ కుర్రాడు “సార్, అది ఇండిపెండెన్స్ తర్వాతది” అన్నాడు. వెంటనే దిద్దుకున్నాను: ‘విశ్వకవి రవీంద్రుడు స్వహస్తాలతో ప్రారంభించిన కళామందిరం.’ మా వీధి చివరింటి పదో తరగతి పిల్ల రెండు దండాలు పెట్టి రాసింది: “అంకుల్, టాగోర్ 1941లోనే చనిపోయారు.”

ఆ రాత్రి నిజంగా కూర్చుని చదివాను. సంగతేమిటంటే, 1961లో టాగోర్ శతజయంతి వచ్చింది. ఆ సందర్భంగా దేశమంతటా ఆయన పేరున రంగశాలలు లేచాయి. చండీగఢ్‌లో టాగోర్ థియేటర్, కలకత్తాలో రవీంద్ర సదన్, బెంగళూరులో రవీంద్ర కళాక్షేత్ర, లక్నోలో రవీంద్రాలయ. మన వంతుకొచ్చింది రవీంద్రభారతి. 1960 మార్చిలో పనులు మొదలు, 1961 మే 11న అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా ప్రారంభం. గీసిన ఆర్కిటెక్టు మహమ్మద్ ఫయాజుద్దీన్. గన్‌ఫౌండ్రీలో స్టేట్ బ్యాంక్ వారి పెద్ద భవనం చూశారా, అదీ ఆయన గీసిందే. నిజాం జమానాలో చెయ్యి తిరిగినవాడు, కొత్త రాష్ట్రానికి కొత్త తరహా కట్టడం ఇచ్చాడు. పక్కనున్న అసెంబ్లీతో పోటీకి పోలేదు. వెయ్యిమందికి పైగా కూర్చుని, ఒక్క మనిషిని చూడాలి, ఒక్క మనిషిని వినాలి. ఆ పనికి ఏం కావాలో అది కట్టాడు.

ఇంత మంచి సంగతి చదివి కూడా నాకు కనపడింది ఏమిటో తెలుసా? నెలల లెక్క. 1960 మార్చి నుంచి 1961 మే, అంటే దాదాపు పద్నాలుగు నెలలు. మహాభారతంలో మయుడు సభ కట్టడానికి పట్టింది కూడా పద్నాలుగు నెలలే! ఇక ఆగుతానా? గ్రూపులో పెట్టాను: ‘మయసభకు పద్నాలుగు నెలలు. రవీంద్రభారతికీ పద్నాలుగే. ఆనాడు మయసభలో దుర్యోధనుడు పడ్డాడు. రేపు రవీంద్రభారతిలో దుర్యోధనుడు లేస్తాడు!’ లైకులే లైకులు. ఎవరి నోట్లోంచి ఏ మాట ఎందుకొస్తుందో తథాస్తు దేవతలకి బాగా తెలుసు. వాళ్లు మా గ్రూపులో కూడా ఉంటారని నాకు తెలియదు.

తర్వాతి పాఠం శబ్దశాస్త్రం. ఇక్కడే కొంప మునిగింది.

భరతముని నాట్యశాస్త్రం రెండో అధ్యాయమంతా రంగశాల ఎలా కట్టాలన్నదే. మనుషులకి సరిపోయే నాట్యమండపం అరవై నాలుగు మూరల పొడుగు, ముప్ఫై రెండు మూరల వెడల్పు ఉండాలన్నాడు. మన అడుగుల్లో తొంభై ఆరుకి నలభై ఎనిమిది. అందులో సగం ప్రేక్షకులకి, సగం నటులకి. కొండగుహలా ఉండాలి, గాలి విసురు తగలకూడదు, కిటికీలు చిన్నవిగా ఉండాలి, అప్పుడే గొంతు గంభీరంగా పలుకుతుందన్నాడు. ‘కొండగుహ’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. గాలి తగలదు, చిన్న కిటికీ, గొంతు గంభీరం. భరతముని మా బాత్రూమ్‌నే వర్ణించాడు! ఆ ఆనందంలో పక్క మాట దాటేశాను. ఇంతకంటే పెద్దది కడితే నటుడి మాట చెదిరిపోతుంది, ముఖంలో భావం కనపడదు అని కూడా ఆయనే చెప్పాడు.

ఇంకో కథ కూడా సగమే చదివాను. 1895లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు కొత్తగా కట్టుకున్న ఉపన్యాసశాలలో పాఠం చెబితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదట. ఒక మాట ఐదు సెకన్లకి పైగా మోగుతూనే ఉండేది, ఈలోగా ఇంకో పది మాటలు వచ్చి దాని మీద పడేవి. వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్సు మాస్టారికి దాన్ని బాగుచేసే పని అప్పగించారు. ఆయన రాత్రిపూట, ఊరంతా సద్దుమణిగాక, పక్క థియేటర్లోంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి ఆ హాల్లో పరిచి, ఒక ఆర్గన్ గొట్టం ఊది, స్టాప్‌వాచ్ పట్టుకుని శబ్దం ఎంతసేపటికి ఆరిపోతుందో కొలిచాడు. తెల్లారేలోగా మెత్తలు మళ్లీ మోసి యథాస్థానంలో పెట్టేయాలి. అలా కొలిచి కొలిచి సూత్రం కనిపెట్టాడు. ఆ లెక్క ప్రకారం కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరుచుకుంది, ఈనాటికీ ప్రపంచంలో మేలైన సంగీతశాలల్లో ఒకటి.

ఇందులోంచి నేను పీల్చుకున్న సారం: హాలు లెక్క ప్రకారం కడితే మైకు అక్కర్లేదు. వదిలేసిన సారం: ఆ మెత్తలు చేసిన పనే మనుషులూ చేస్తారు. ఒక్కో మనిషీ, వాడి ఒంటి మీద బట్టా కలిసి కొంత శబ్దాన్ని మింగేస్తాయి. అంటే ప్రేక్షకులు ఎంతమంది వస్తే నా గొంతుకి అన్ని మెత్తలు.

రూఢి చేసుకుందామని ముందే ఒకసారి వెళ్లొచ్చాను. మా బీరంగూడ నుంచి 218 ఎక్కితే లక్డీకాపూల్‌లో దిగొచ్చు. ఎవరిదో కార్యక్రమం అయిపోయింది, హాలు ఖాళీ, కుర్చీలు తుడుస్తున్నారు. మెల్లగా స్టేజీ అంచు దాకా వెళ్లి “ఆహా!” అన్నాను. వెనక వరుసల దాకా వెళ్లింది. బాల్కనీ పలికింది. నా కళ్లు చెమర్చాయి. ఆ క్షణంలోనే ఒట్టేసుకున్నాను, మైకు ముట్టుకోనని. గ్రూపులో ప్రకటించాను కూడా: ‘బళ్లారి రాఘవకు మైకుందా? పూర్వపు నటులు వేలమందికి ఒట్టి గొంతుతో వినిపించలేదా? రేపు నా కంఠం, ఫయాజుద్దీన్ కట్టడం. మధ్యలో మూడోవాడు వద్దు.’

ఆ రోజు రానే వచ్చింది. ఒక స్కూల్ బస్సు మాట్లాడాను. దాని డబ్బు గురించి అడక్కండి, చీటీ ఇంకో నెల వాయిదా పడింది. కాలనీ సగం ఎక్కింది. వెళ్లి చూస్తే ఆ రోజు ముద్దుబిడ్డను నేనొక్కణ్నే కాదు. ప్రతి ఊరి ముద్దుబిడ్డా వచ్చాడు, ఒక్కొక్కడూ ఒక్కో బస్సు తెచ్చాడు. గ్రీన్‌రూమ్‌లో ఒక శ్రీనాథుడు, ఇద్దరు రాయలవార్లు, ఒక అల్లూరి, సఫారీ సూట్లలో లెక్కలేనంతమంది ‘రత్న’లు. అందరి మొహాల్లోనూ అదే సిగ్గు, అదే గర్వం. పదిహేను వేలు ఎవడి మొహాన చూసినా కనిపిస్తోంది గానీ ఎవడూ నోరు విప్పడు.

నా వంతు ముందు స్టేజీ మీద తెరలు చూసుకునే పెద్దాయన వచ్చాడు. నేను వెనకాల బ్యానర్‌కి ఆనుకున్నట్టు నిలబడి ఉన్నాను. ఎందుకంటే ఆ బ్యానర్ మీద నా పేరుంది. ఫొటోలో నేనూ నా పేరూ కలిసి పడాలంటే అక్కడే నిలబడాలి. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “సార్, బ్యానర్ కాడ వద్దు. జర ముందలికి రండి. గంత లోపట నిలబడితే ఆవాజ్ మీదికి పోతది, పక్క తెరలు మింగుతయి. లేకుంటే మైకన్న పెట్టుకోండి” అన్నాడు.

తెర లాగే మనిషి, అభినవ సుయోధనుడికి రంగస్థలం నేర్పడమా! “మీరు తెర సంగతి చూసుకోండి పెద్దాయనా, గొంతు సంగతి నాకొదిలేయండి” అన్నాను. ఆయన నా కిరీటం వైపు చూసి “మీ ఇష్టం సార్” అన్నాడు. ఆ ‘మీ ఇష్టం’లో ఎన్ని దశాబ్దాల దుర్యోధనులు ఉన్నారో నాకప్పుడు తట్టలేదు.

తెర లేచింది. ఎదురుగా మైకు స్టాండు. గదతో దాన్ని పక్కకి నెట్టాను, రాజసంగా. ఎవరో కుర్రాడు పరుగెత్తుకొచ్చి దాన్ని ఎత్తుకుపోయాడు. లైట్లన్నీ నా కళ్లలో. అవతల హాలంతా కాటుక చీకటి, ఒక్క మొహం కనపడదు. పద్యం ఎత్తుకున్నాను. పక్కనుంచి హార్మోనియం అందుకుంది. హార్మోనిస్టు ముందు మైకుంది. జనానికి హార్మోనియం గణగణా వినిపిస్తోంది, దుర్యోధనుడు మాత్రం ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి మూస్తున్నాడు. ఇది నాకు తర్వాత చెప్పిన మాట. అప్పుడు మాత్రం నా చెవులకి నేను ఘంటసాలనే.

పద్యం అయింది. చీకట్లోంచి ఏదో పెద్ద కేక, వెంట చప్పట్లు. పద్యం తర్వాత కేకా చప్పట్లూ కలిసి వస్తే తెనాలివాడికి ఒకటే అర్థం, వన్స్ మోర్! చెయ్యెత్తి అభివాదం చేసి మళ్లీ అదే పద్యం పాడాను. ఈసారి కేకలు ఎక్కువయ్యాయి, ఈలలు కూడా. జనం వదలడం లేదే! ప్రజాభిప్రాయానికి తలవంచి మూడోసారీ పాడాను. హార్మోనిస్టు పక్కనుంచి “ముందుకు పోండి సార్, ముందుకు పోండి!” అంటున్నాడు. కానివ్వండి సార్ అని ఉత్సాహపరుస్తున్నాడనుకున్నాను, రాగం ఇంకా పొడిగించాను. వాళ్లు అరుస్తున్నది ‘మైకు! మైకు!’ అని. మా కాలనీవాళ్లు అయితే ‘సార్, ఇనొస్తలేదు!’ అని గొంతు చించుకుంటున్నారట. నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారట. నాకేం కనపడుతుంది? నేను మయసభలో ఉన్నాను. ఇక డైలాగు. నేలని చూసి నీళ్లనుకునే ఘట్టం. పంచె కుచ్చెళ్లు ఎత్తిపట్టి, కాలి మునివేళ్ల మీద, ఒక అడుగు, రెండడుగులు, మూడడుగులు ముందుకేశాను. ఆ రోజు మొదటిసారిగా స్టేజీ అంచుకొచ్చాను. సరిగ్గా అప్పుడే నా టైమైపోయిందని తెర వేసేశారు. నా వెనకాల.

చప్పుడుకి తిరిగి చూస్తే సింహాసనం లేదు, బ్యానర్ లేదు, నా పేరు లేదు, ఎర్ర మఖమల్ గోడ. ఎక్కడ తడిమినా గుడ్డే. సందు దొరకదు. గద జారి కాలి మీద పడింది. కిరీటం కుచ్చులు తెరకి చిక్కుకున్నాయి. జనం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు, ఏం జరుగుతుందోనని. ఆ నిశ్శబ్దంలో, నాలో నేను అనుకుంటున్నాననుకుంటూ, దుర్యోధనుడి గొంతు ఇంకా దిగకముందే అన్నాను:

“పదిహేను వేలు కట్టించుకుని పది నిమిషాలు కూడా ఇవ్వరా!”

మైకు లేదు. అయినా ఆ మాట మొదటి వరుసలో ముఖ్య అతిథికి వినపడింది. మధ్య వరుసల్లో ఇద్దరు రాయలవార్లకీ వినపడింది. బాల్కనీ చివరి కుర్చీలో, బస్సు డ్రైవరుకి కూడా ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినపడింది. ఫయాజుద్దీన్ గారు హాలు ఎంత బాగా కట్టారో నాకు ఆ క్షణంలో అర్థమైంది.

ఒక్క సెకను ఏమీ లేదు. తర్వాత నవ్వు మొదలైంది. ముందు ఎక్కడో చిన్నగా, తర్వాత హాలంతా. ఆ నవ్వులోంచి ఎవడో స్పష్టంగా అరిచాడు, “వన్స్ మోర్!” ఆ రోజు మొత్తానికి నేను సరిగా విన్న వన్స్ మోర్ అదొక్కటే.

ద్రౌపది నవ్విందని దుర్యోధనుడు కురుక్షేత్రం దాకా వెళ్లాడు. మా ఆవిడ నవ్వలేదు. మొదటి వరుసలో కూర్చుని వేళ్ల మీద చీటీ లెక్క వేసుకుంటోంది. ఆ దృశ్యం చూసినవాడికి ద్రౌపది నవ్వు ఎంతో హాయిగా ఉంటుంది.

శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, బిరుదూ ఇచ్చారు. తీసుకున్నాను. తీసుకోకుండా ఎలా ఉంటాను, కట్టిన డబ్బు కదా.

తిరుగు ప్రయాణంలో ఖైరతాబాద్ దాటింది, అమీర్‌పేట దాటింది, కూకట్‌పల్లి దాటింది, బస్సులో ఒక్కరూ మాట్లాడరు. నేను కిరీటం ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి మెట్రో స్తంభాలు లెక్కపెడుతున్నాను. లింగంపల్లి దగ్గర వెనక సీట్లోంచి మా కాలనీ పెద్దమనిషి, రిటైర్డ్ హెడ్మాస్టారు, మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

“పదిహేను వేలా సార్? నా దగ్గర పన్నెండే తీసుకున్నరు, పోయినేడు.”

వెనక్కి తిరిగాను. ఆయన డ్రాయింగ్ రూమ్‌లో అద్దాల బీరువాలో ‘సాహితీ రత్న’ జ్ఞాపిక మెరుస్తూ ఉంటుంది. దాని కథ ఆయన మాకు ఎన్నోసార్లు చెప్పాడు, ‘వాళ్లే బతిమాలిన్రు’ అని. ఆ మాట అయిందో లేదో ముందు సీట్లోంచి ఒకాయన, “నాది ఎనిమిది వేలు. వాస్తు విభూషణ” అన్నాడు. ఇంకో ఆవిడ, “మా అమ్మాయి డాన్సుకి పది. మేకప్ వేరే” అంది. బీహెచ్‌ఈఎల్ గేటు వచ్చేసరికి ఆ బస్సులో బిరుదు లేనివాళ్లు డ్రైవరూ, పదో తరగతి పిల్లా మాత్రమే మిగిలారు. అందరం పడీపడీ నవ్వుకున్నాం. మా ఆవిడ కూడా చివరికి నవ్వింది. చీటీ మాత్రం మర్చిపోలేదు.

అందుకే మీ దగ్గర ఇంత ధైర్యంగా చెబుతున్నాను. మీ షోకేసులో కూడా ఒకటి ఉండే ఉంటుంది. దాని ధర నేను అడగను.

తర్వాత ఆలోచిస్తే నాకు తట్టిందేమిటంటే, ఆ కట్టడం నన్ను ఎక్కడా మోసం చేయలేదు. ఎక్కడ నిలబడాలో అది చెబుతూనే ఉంది. స్టేజీకి ముందు కమాను లాంటి చట్రం ఉంటుంది. దాని వెనకంతా తెరల రాజ్యం. పైన తెరలు ఎత్తి దాచుకునే ఎత్తు, పక్కన రెక్కల తెరలు, వెనక ఇంకో తెర. అక్కడ పలికిన మాట ఆ గుడ్డల్లోనే ఇంకిపోతుంది. చట్రం దాటి నాలుగడుగులు ముందుకొస్తే గోడలూ పైకప్పూ మన మాటని అందుకుని జనం మీదికి తోస్తాయి. అంత లెక్కా నా కోసమే వేసి పెట్టి ఉంటే, నేను ఫొటోలో నా పేరు పడదేమోనని గుడ్డల్లో నిలబడ్డాను. నా పద్యాలన్నీ తెరలకి వినిపించి, నా బండారం ఒక్కటే జనానికి వినిపించాను. మయసభలో దుర్యోధనుడు కూడా నేలని సరిగా చూసుంటే పడేవాడు కాదు. సభలో తనని ఎవరెవరు చూస్తున్నారా అన్నదే చూసుకుంటూ నడిచాడు. ఈ ముక్క నేను ఆ పాత్రని ఇన్నేళ్లు వేసీ గ్రహించలేదు.

తెర లాగే పెద్దాయన దగ్గరికి ఓ రోజు వెళ్లాను, క్షమాపణ చెబుదామని. ఆయన నన్ను వెంటనే గుర్తుపట్టాడు. కిరీటం లేకపోయినా. “పోనియ్యండి సార్, ఈడికి అందరు గట్లనే వస్తరు. మీదన్న ఆఖరి లైన్ దాంక ఇనొచ్చింది” అన్నాడు. ఇంతవరకు నాకు దక్కిన సమీక్ష అదొక్కటే. నిజాయితీ గల సమీక్ష.

ఆ తర్వాత ఇంకో సిగ్గు కూడా పడ్డాను. మా 218 బస్సు రోజూ దాటే లింగంపల్లిలోనే సురభి నాటకాలవాళ్ల కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన నాటక సమాజం వాళ్లది. కుటుంబాలకు కుటుంబాలు తరాల తరబడి అదే వృత్తిలో ఉన్నాయి. నేను బీరంగూడకొచ్చి ఇన్నేళ్లయినా అటువైపు తల తిప్పలేదు. మనం నటించాలి గానీ ఇంకొకడు నటిస్తుంటే చూడటమేమిటన్న బుద్ధి. ఈసారి టిక్కెట్టు కొనుక్కుని వాళ్ల ‘మాయాబజార్’ చూశాను. అక్కడ తెర లాగేవాడు, లైటు వేసేవాడు, వేషం కట్టేవాడు, అందరూ ఒకే ఇంటివాళ్లు. ఇవాళ రాజు, రేపు తెర దగ్గర మనిషి. తెర లాగిన చెయ్యికి స్టేజీ మీద ఎక్కడ నిలబడాలో ఇంకొకడు చెప్పక్కర్లేదు. నేను తెర లాగే వయసులో నేరుగా కిరీటం పెట్టుకున్నాను, అదీ గొడవ.

ఇంతా చెప్పి, నాకు బుద్ధొచ్చిందని మీరనుకుంటున్నారేమో. ఈ ఏడు వినాయకచవితికి కమిటీ వాళ్లు వచ్చారు, మళ్లీ మయసభ వేయమని. ఆ ఆఖరి డైలాగు మాత్రం ఉండాల్సిందేనట, పిల్లలంతా అదే అడుగుతున్నారట. ఒప్పుకున్నాను. మైకు పెట్టుకుంటాను, ముందుకొచ్చి నిలబడతాను, పులిహోర నా ఐటమ్‌కి ముందే పంచేయమన్నాను. అన్నిటికీ తలూపాను. ఒక్క ఫ్లెక్సీ విషయంలోనే మాట కుదరలేదు. నా ఫొటో ఎడమ పక్కన వేస్తామంటున్నారు. మధ్యలో ఎందుకు వేయకూడదో నాకర్థం కావడం లేదు.